వాసన పోయిన మందునీళ్లు

నవంబరు పన్నెండు, బుధవారం.

మా కళ్లాసుపత్రి కాంపౌండరు పోయి ఈరోజుకి నాలుగో రోజు. ఆదివారం పొద్దున్న ఆరు గంటలకి జలంత్రకోటలో, తన ఇంటి వాకిట్లో బకెట్టు దగ్గర కూర్చుని మొహం కడుక్కుంటూ పక్కకి ఒరిగిపోయాడట. భార్య తువ్వాలు పట్టుకుని వచ్చేసరికి ఇంక లేడు. నాకు ఏడూ పదికి ఫోను వచ్చింది. శనివారం మధ్యాహ్నం పలాసలో ఆసుపత్రి గేటు దగ్గర నన్ను ఆటో ఎక్కించి, "సోమారం తొందరగా వచ్చీయండి మామ్మగారూ, మనుషులు ఎక్కువుంతారు" అన్న మనిషి. యాభై మూడేళ్లు. ఫోను పెట్టేశాక నేను మళ్లీ ఆ నంబరుకే చేసి, "ఎవరు? ఏ కాంపౌండరు?" అని అడిగాను. అవతలి అమ్మాయి, ఆసుపత్రిలో పరికరాలు కడిగే పిల్ల, ఏడుస్తూ రెండోసారి చెప్పింది. రెండోసారి విన్నా నమ్మకం కుదరలేదు. రాస్తున్న ఈ నిమిషానికీ కుదరలేదు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచి రాస్తాం. ఈయన మంచి రాయాలంటే ముందు నా తప్పు రాయాలి. నిరుడు శ్రావణంలో మా ఆసుపత్రికి కంటిలో ఒత్తిడి చూపించుకోవడానికి వచ్చిన పదకొండు మందికి కళ్లకలక అంటుకుంది. పరికరాలు నానబెట్టే మందునీళ్లు పాడైపోవడం వల్ల అలా జరిగిందనీ, ఆ నీళ్లు కలిపింది కాంపౌండరనీ పలాస నుంచి సోంపేట దాకా అందరికీ తెలుసు. అందరికీ తెలిసినది తప్పు. ఆ నీళ్లు కలిపింది నేను. నిలవ ఉంచింది నేను. పదిహేను నెలలుగా ఈ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరం. ఆదివారం నుంచి నేనొక్కదాన్నే. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముప్పై ఒక్క ఏళ్లు నందిగాం హైస్కూల్లో లెక్కలు చెప్పాను. నా క్లాసులో జవాబు సరైనదైనా మధ్యలో ఒక మెట్టు రాయకపోతే మార్కు ఇచ్చేదాన్ని కాదు. ఇంట్లో కూడా నేను అంతేనని మనవరాలు అంటుంది. రిటైరయ్యాక నా శుక్లాల ఆపరేషను ఈ ఆసుపత్రిలోనే అయింది. అప్పటి నుంచి పదింటి నుంచి రెండింటి దాకా అక్కడే ఉంటున్నాను. మందుల గది పుస్తకం నా చేతిలో ఉంటుంది. దూది ఎన్ని కట్టలు వచ్చింది, చుక్కల మందు ఎన్ని సీసాలు మిగిలింది, ఏ సీసా మూత ఏ రోజు తీశారు, అన్నీ అందులో ఉంటాయి. ఇంకొక పని కూడా నాదే. నా దగ్గర చదువుకున్న ఆడపిల్లలు ఇప్పుడు ఊరూరా అత్తలూ అమ్మమ్మలూ అయ్యారు. వాళ్లకి చెప్పి, వాళ్ల చేత ఇంకో నలుగురికి చెప్పించి, కళ్లు చూపించుకోవడానికి తీసుకురావడం.

మొదటిరోజే నాకూ ఆయనకీ పడలేదు.

కంట్లో ఒత్తిడి కొలిచే పరికరానికి ఒక చిన్న మొన ఉంటుంది. దాన్ని నేరుగా నల్లగుడ్డుకి ఆనిస్తారు. ఒకరి కన్నీరు దానికి అంటుకుని ఇంకొకరి కంట్లోకి పోకూడదు కాబట్టి ప్రతి మనిషి తర్వాతా దాన్ని నానబెట్టాలి. ఆయన పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, గోధుమరంగు సీసాలో ఒక పాలు హైపో, తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపేవాడు. హైపో అంటే బట్టల మరకలు పోగొట్టే బ్లీచింగు జాతిదే, ఘాటైన వాసన. కలిపిన టైము పక్కనే పలక మీద సుద్దతో రాసేవాడు. మొన అందులో పది నిమిషాలు ఉండాలి. తీశాక మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి. కడగకపోతే ఆ ఘాటుకి కన్నే పోతుంది. సాయంత్రం మిగిలినదంతా తూములో పోసేసేవాడు.

నేను చూసిన మొదటి సాయంత్రం సగం సీసా పైగా ఉంది.

"ఎందుకు పారబోస్తున్నావు?"

"దీని పని అయిపోనాదండి."

"నిండుగా కనిపిస్తోంది కదయ్యా!"

"కనిపించడానికేటండి, సచ్చిన పాము కూడా పామునాగే కనిపిత్తాది. ఇదేటి పప్పుసారా మామ్మగారూ, మర్నాటికి రుసెక్కడానికి?"

ఆ మాటకి తనే నవ్వాడు. నన్ను చూసి ఎవరూ అలా నవ్వరు. ఆ రోజు పుస్తకంలో "మిగిలిన ద్రావణం వృథా" అని ఎర్రసిరాతో రాశాను. మర్నాడు ఆయన ఆ వాక్యం చదివి, కింద చిన్న అక్షరాలతో "వృథా కాదు, వాడకం" అని రాసి పెట్టాడు. చాలా రోజులు మా మాటలన్నీ ఆ పుస్తకంలోనే నడిచాయి.

తర్వాత తర్వాత ఆయన పద్ధతి చూడటం అలవాటైంది. తలుపుని మోచేత్తో తోసేవాడు. నుదురు దురద పెడితే భుజానికి రుద్దుకునేవాడు కానీ చెయ్యి మొహం దాకా వచ్చేది కాదు. చుక్కలు వేసేటప్పుడు సీసా మూతి ఎవరి రెప్పకి తగిలినా ఆ సీసా ఇంక వాడనిచ్చేవాడు కాదు. వచ్చినవాళ్లని గుమ్మంలోనే చూసి, "ఎర్ర కళ్లు ఇలాగ, తెల్ల కళ్లు అలాగ" అని రెండు వైపులకి పంపేవాడు. ఎర్ర కళ్లవాళ్లకి వసారాలో వేరే బెంచీ. ఒకరు లేచిన ప్రతిసారీ దాన్ని మందునీళ్లతో తడిపి, తడి ఆరేదాకా ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. ఒకసారి ఊళ్లో పెద్ద రైతు, రాజకీయాల్లో తిరిగే మనిషి, నల్లకళ్లజోడు పెట్టుకుని వచ్చి లోపల ఫ్యాను కింద కూర్చుంటానన్నాడు.

"నానెవులో తెల్దేటి నీకు?"

"తెల్సండి బాబూ. ఎలచ్చన్లలో ఏది పంచినా తీసుకుంటాం గానండి, కళ్లకలక మాత్తరం పంచీకండి. బెంచీ మీద కూకోండి."

వసారా అంతా నవ్వింది. ఆ రైతూ నవ్వి బెంచీ మీదే కూర్చున్నాడు.

ఆ మధ్య ఒక కొత్త డాక్టరు కొన్నాళ్లు వచ్చి, స్పిరిటు దూదితో తుడిస్తే చాలు కదా, ఇంత నానబెట్టడం ఎందుకని అడిగాడు. మా కాంపౌండరు వినయంగా నిలబడి, "స్పిరిటుకి సానా పురుగులు పోతాయండి. ఈ కళ్లకలక వైరసు మొండిదండి. ఎండిపోయిన బల్ల మీద కూడా వారాలకి వారాలు తిష్టేసుకుని కూకుంతాది" అన్నాడు. పెద్ద డాక్టరుగారు పుస్తకం తెరిచి చూసి, ఆయన చెప్పిందే ఖాయం చేశారు. "తుడిసింది సుబ్బరం, నానింది మందు." ఈ మాట కాంపౌండరు రోజుకి నాలుగుసార్లైనా అనేవాడు.

ఆడవాళ్లతో మాత్రం గట్టిగా మాట్లాడేవాడు కాదు. జీడిపప్పు బట్టీలో పనిచేసే ఒకావిడ రెండు కళ్ల మీదా నందివర్ధనం పూలు పెట్టి గుడ్డ కట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది.

"పువ్వెట్టుకుంటే సల్లగుంతాది గదా బాబూ!"

"సల్లగుంతాది అప్పా, నాను కాదన్లేదు. నీ కంటి మీద పువ్వు నీ కూతురు కంటి మీదెట్టకు. నీ తువ్వాలు ఆల్లకి ఇయ్యకు. అంతే."

నేనైతే ఆ పూలు పీకి పారేసి పాఠం చెప్పేదాన్ని.

ఇప్పుడు నిరుడు శ్రావణం సంగతి.

ఆయన మూడు రోజులు సెలవు పెట్టాడు, చుట్టాలింట పెళ్లి అన్నాడు. పరికరాలు కడిగే అమ్మాయి కొత్తది. అందుకని మందునీళ్లు కలిపే పని నాకు అప్పగించి, మూడుసార్లు చెప్పాడు. "పొద్దున్న కొత్తది. సాయంత్రం పారబొయ్యడం. మర్సిపోకండి." నేను మరిచిపోయే మనిషిని కాదు. మరిచిపోలేదు కూడా.

సోమవారం కొలిచి కలిపాను. గోధుమరంగు సీసా మూత పగిలి ఉందని, లోపలి నీళ్లు కనిపించే తెల్ల గాజుసీసా తీసుకున్నాను. ఆ రోజు వానకి నలుగురే వచ్చారు. సాయంత్రం సీసా దాదాపు నిండుగా ఉంది. ఒకటికి తొమ్మిది. ముప్పై ఒక్క ఏళ్లు నల్లబల్ల మీద నిష్పత్తి చెప్పినదాన్ని. ఒకటికి తొమ్మిది సాయంత్రం ఒకటికి తొమ్మిదే, పొద్దున్నా ఒకటికి తొమ్మిదే, కూర్చోబెడితే నిష్పత్తి మారదు అనుకున్నాను. మూత పెట్టి కిటికీలో ఉంచాను. మంగళవారం వాన వెలిసి మధ్యాహ్నం దాకా ఆ కిటికీలో ఎండ పడింది. ఆ రోజూ అదే వాడాను. బుధవారమూ అదే. పలక మీద సోమవారం టైము చెరపలేదు, ఎందుకంటే కలిపింది సోమవారమే. రాత తప్పు లేదు.

వేడికీ వెలుతురికీ ఆ మందు తనంతట తానే చచ్చిపోతుందని నాకు తెలియదు. నీళ్లు మిగులుతాయి, మందు మిగలదు. తెలియదని రాస్తున్నాను గానీ, తెలిసినవాడు నాకు మూడుసార్లు చెప్పి వెళ్లాడు.

మంగళవారం మొదట వచ్చిన, జీడి బట్టీలో పనిచేసే ఇంకొకావిడకి కన్ను కొంచెం ఎర్రగా ఉంది. పొగ తగిలిందంది. ఒత్తిడి ఎక్కువ ఉన్న మనిషి కాబట్టి కొలవక తప్పలేదు. ఆ తర్వాత ఆ రెండు రోజుల్లో అదే మొన పదకొండు మందికి ఆనింది. అందులో తొమ్మిది మందిని సంతబొమ్మాళి వైపు నుంచి నేనే పిలిచి తెచ్చాను.

గురువారం ఆయన వచ్చి, సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"వాసన లేదేటి మామ్మగారూ?"

"సోమవారం కలిపాను."

ఆయన నా మొహం చూడలేదు. సీసా తీసుకెళ్లి తూములో పోసి, కొత్తది కలిపి, పలక తుడిచి రాశాడు. నేను మాట మార్చడానికి, పెళ్లిలో ఏం పెట్టారని అడిగాను. "లడ్డూలెట్టినారండి" అన్నాడు.

పది రోజులు తిరక్కుండా ఒక్కొక్కరే రావడం మొదలైంది. రెప్పలు వాచి, కళ్లు నిప్పుల్లా ఎర్రబడి, వెలుతురు చూడలేక కొంగు కప్పుకుని వచ్చారు. ఇళ్లలో ఇంకొందరికి కూడా అంటించారు. డాక్టరుగారు తారీకులు చూశారు. అందరూ ఆ రెండు రోజులవాళ్లే. వసారా నిండా మనుషులుండగానే బయటికి వచ్చి, "ఆ మూడు రోజులూ మందునీళ్లు ఎవరు కలిపారు?" అని అడిగారు.

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. నాకంటే ముందు ఆయన అన్నాడు.

"నానేనండి. ఊరెల్లే తొందర్లో మూడ్రోజులకీ సరిపడా ఒక్కసారే కలిపెట్టీసి ఎల్లిపోనాను."

డాక్టరుగారి మొహం నల్లబడింది. ఆయన చేతిలోంచి పరికరాల గది తాళం తీసుకుని, రేపటి నుంచి గేటు దగ్గర చీటీలు రాయమన్నారు. మందుల గది వెనక నేను ఆయన్ని నిలదీశాను.

"ఎందుకలా చెప్పావు? నేను వెళ్లి నిజం చెప్పేస్తాను."

"ఎల్లకండి."

"అబద్ధం కదయ్యా!"

"అబద్దమేనండి. ఆ ఆడోలందరూ ఎవుల మాట మీద వత్తన్నారు? నా మాట మీదేటి? నాను పిలిస్తే మా ఈది కుక్క కూడా రాదు. మీ మాట మీద వత్తన్నారు. పంతులమ్మే పాడు సేసీసిందంటే రేపటి నుండి మళ్లీ పువ్వులూ, పసరులూనూ. అప్పుడు కళ్లు పోయినోల లెక్క ఏ పుస్తకంలో రాత్తారు మీరు?"

"మరి నీ పేరు?"

"నా పేరుకేటండి, దులిపీసుకుంటాను."

ఆ మాట నాకు న్యాయంగా తోచింది. నాకు అనుకూలంగా ఉంది కాబట్టి మరింత న్యాయంగా తోచింది. ఆ రోజు పుస్తకంలో 'కలిపినవారు' అనే గడిలో డాక్టరుగారు ఆయన పేరు రాశారు. కింద మందుల గది బాధ్యురాలిగా నేను సంతకం పెట్టాను.

ఆయన దులుపుకోలేకపోయాడు. "కళ్లకలక కాంపౌండరు" అన్న పేరు పడింది. బస్సులో అన్నారు, టీ కొట్టు దగ్గర అన్నారు. గేటు దగ్గర చీటీ అందుకుంటూ, "ఏటి కాంపౌండరూ, సెయ్యి కడుక్కున్నావా?" అని అడిగేవాళ్లు. ఆయన రెండు చేతులూ ఎత్తి చూపించి నవ్వేవాడు. నేను కిటికీలోంచి వినేదాన్ని. అనవసరంగా మాట్లాడొద్దని వాళ్లని కసిరేదాన్ని. అసలు మాట మాత్రం చెప్పేదాన్ని కాదు. కొత్తగా పరికరాల గదికి వచ్చిన అమ్మాయికి కలపడం నేర్పింది ఆయనే, గడప ఇవతల నిలబడి. లోపలికి రావద్దన్నారు కాబట్టి గడప దాటేవాడు కాదు.

ఆదివారం పదింటికి నేను జలంత్రకోట చేరాను. కొబ్బరాకుల పందిరి అప్పుడే వేస్తున్నారు. పందిరి గుంజ పట్టుకుని ఒకాయన ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. "ఎవులంటే ఏటిరా, కళ్లకలక కాంపౌండరు. ఆ, పోనాడు." తలాపున కూర్చున్న కూతురు ఆ మాట విని తల వంచుకుంది. డిగ్రీ చదువుతున్న పిల్ల.

ఆయన భార్య నన్ను చూసి లేచి వచ్చింది. ఆవిడ చెప్పాక గానీ నాకు తెలియలేదు, ఆయనకి రెండేళ్లుగా కిడ్నీలు బాగాలేవని. మా ఉద్దానంలో ఆ మాట విననిది కాదు, కానీ ఆయన నోట మేం వినలేదు.

"ఆ మూడ్రోజులూ పెళ్లికి కాదండి మామ్మగారూ. ఇశాపట్నం ఎల్లినాడు, పరీచ్చలకి. ఆసుపత్రిలో తెలిస్తే పనిలోంచి తీసేత్తారని ఎవులికీ సెప్పొద్దన్నాడు."

లడ్డూలు పెట్టారన్నాడు. నేను అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ నా మోకాలి దగ్గర కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్లు వినకుండా అడిగింది.

"మీరు అక్కడే ఉన్నారు గదండి, సెప్పండి. తాగీసి కలిపినాడంటన్నారు అందరూ. నానెప్పుడడిగినా నవ్వీసేవోడు. తాగినాడేటండి?"

"లేదమ్మా. ఆయన ఏనాడూ తాగి రాలేదు" అన్నాను.

"తాగకుండానే అంత పొరపాటు ఎలాగ సేసినాడు మరి?"

అప్పుడు చెప్పాలి. ఒక్క వాక్యం. కర్త, కర్మ, క్రియ. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అన్నాను. నా గొంతు నాకే వినిపించింది. ఆయన ఇంకా వాకిట్లోనే ఉన్నాడు, తెల్లబట్ట కప్పి, చేతులు పక్కన పెట్టి. ఎప్పుడూ కడిగి కడిగి వేళ్ల చివర్లు పాలిపోయి ఉండేవి. ఆ వేళ్ల ముందు కూర్చుని రెండోసారి కూడా తప్పు ఆయన మీదే వేసి వచ్చాను. నేను ఇలాంటిదాన్నని డెబ్బై ఒకటో ఏట తెలిసింది.

ఇప్పుడు జరగవలసినవి, వరుసలో:

1. రేపు గురువారం మొదటి బస్సుకి జలంత్రకోట వెళ్లాలి. ఆయన భార్యకీ కూతురికీ చెప్పాలి. లోపలి గదిలో కాదు, వాకిట్లో, పందిరి కింద ఉన్నవాళ్లందరూ వినేటట్టు చెప్పాలి.

2. శుక్రవారం డాక్టరుగారికి చెప్పాలి. పుస్తకంలో ఆ గడిలో కాంపౌండరు పేరు మీద ఒక్క గీత గీసి, పక్కన నా పేరు రాసి, తారీకు వేసి సంతకం చెయ్యాలి. కొట్టేసిన పేరు కింద కనిపిస్తూ ఉండాలి. మందుల గది తాళం డాక్టరుగారి బల్ల మీద పెట్టాలి. తిరిగి ఇస్తారో లేదో ఆయన ఇష్టం.

3. మందునీళ్లు ఏ రోజువి ఆ రోజే. వెలుతురు చొరని సీసా, గట్టి మూత, పలక మీద టైము. సాయంత్రం ఒక్క చుక్క మిగిల్చినా అది పొదుపు కాదు.

4. ఇది చదివినవాళ్లు ఏ కళ్లాసుపత్రికి వెళ్లినా, కంటికి ఆనించే మొనని దేనిలో నానబెట్టారు, అది ఎప్పుడు కలిపారు అని అడగాలి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

5. నా మాట మీద వచ్చిన ఆడవాళ్లు ఇది తెలిశాక రావడం మానేయవచ్చు. కాంపౌండరు భయపడింది దానికే. మానేసినవాళ్ల ఇంటికి మళ్లీ మళ్లీ నేను వెళ్లాలి. నన్ను తిట్టండి, కళ్లు మాత్రం చూపించుకోండి అని చెప్పాలి.

6. ఆ పదకొండు మంది ఇళ్లకీ వెళ్లాలి. ఫోను చేయకూడదు. చివరి ఇల్లు సంతబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డున, చేపలు ఎండబెట్టే ఒక ముసలామెది. కళ్లకలక తగ్గినా నల్లగుడ్డు మీద మచ్చలు మిగిలాయి. దీపం పెడితే దాని చుట్టూ పొగలాగా ఒక గుండ్రం కనిపిస్తుందట. దీపాల వేళకి వెళ్లాలి. ఆమె దీపం వెలిగించేదాకా పక్కన కూర్చుని, ఆ గుండ్రం ఎంత ఉందో చేత్తో చూపించమని అడగాలి. చూశాక, అది అక్కడ ఎవరు పెట్టారో చెప్పాలి.